తెల్లచీర మీద ద్రాక్షతీగ

మా అమ్మ బొంత కుడుతుంది. మాసీమా కాంథా కుడుతుంది. రెండూ పాతచీరలే, రెంటికీ సూదీ దారమే, రెండూ చలికి కప్పుకునేవే. అయినా బొంతని కాంథా అన్నా, కాంథాని బొంత అన్నా ఇద్దరికీ కోపం వచ్చేది. అదేమిటో చిన్నప్పుడు నాకు బొత్తిగా అర్థమయ్యేది కాదు. ఇప్పుడు కొంచెం అర్థమైంది, కొంచెం ఇంకా అవలేదు. ఇదంతా ఆ అవని కొంచెం గురించే.

ఖిదిర్‌పూర్‌లో మాది మేడమీద వాటా. నాన్న మన వైపు నుంచి వచ్చి ఓడల డాక్‌లో పనిచేసేవాడు. ఎదుటి వాటాలో ఒక బెంగాలీ పెద్దావిడ, ఆవిడ కొడుకు, కోడలు, వాళ్ల పాప. ఆ పెద్దావిడే మాసీమా. బెంగాలీలో పిన్నిని పిలిచే పిలుపు అది. కోడల్ని నేను బౌదీ అనేదాన్ని, అంటే వదిన. రెండు వాటాలకీ మధ్య పొడుగాటి వరండా. అక్కడే బట్టలు ఆరేవి, అక్కడే బియ్యంలో రాళ్లు ఏరుకునేవాళ్లం, కరెంటు పోతే అక్కడే కూర్చుని విసనకర్రలు ఊపుకునేవాళ్లం.

ఎనిమిదో క్లాసుతో నా చదువు అయిపోయింది. హిందీ బడిలో చదివాను, వీధిలో బెంగాలీ మాట్లాడాను, తెలుగు అక్షరాలు మాత్రం గుడిలో పాటల పుస్తకం చూసి నేర్చుకున్నాను. మేము గుడి అంటే చర్చి. పొద్దున్న పూట మెటియాబ్రుజ్ దర్జీల దగ్గర్నుంచి తెచ్చుకున్న పిల్లల ఫ్రాకులకి బొత్తాలు కుట్టేదాన్ని. అది పని. మధ్యాహ్నం మాసీమా పక్కన చాప మీద చేరి కుట్టేది మాత్రం సరదా. ఒకే సూదిని పొద్దున్న చూస్తే విసుగు, మధ్యాహ్నం చూస్తే ముద్దు.

మాసీమా దారం కొనేది కాదు. పాతచీర అంచులోంచి పోగులు లాగి, మడమకి చుట్టుకుని, వాటితో కుట్టేది. ఆవిడ చీరలకి అంచుల్లేవు. భర్త పోయిన నాటినుంచీ అంచులేని తెల్లచీరే. అందుకని బౌదీ పాతచీరల అంచులు లాగేది. చేపలు, పడవలు, చిలకలు, ఒకసారి ఏకంగా ట్రాము, అన్నీ కుట్టేది. కుట్లు నువ్వుగింజల్లా ఉండేవి. ఆవిడ నేర్పిన మొదటి పాఠం, దారానికి ముడి వెయ్యకూడదని. తోకని లోపలి పొరలో దాచెయ్యాలిట.

"ముడేస్తే కప్పుకున్నవాళ్లకి గుచ్చుకోదూ, బోకా మెయే?" అనేది. బోకా మెయే అంటే తిక్కపిల్ల. ముద్దొచ్చినప్పుడు మా అనేది, అంటే అమ్మా అని.

మా అమ్మది వేరే మతం. అంటే కుట్టులో. జానెడేసి కుట్లు, చివర మిరియపు గింజంత ముడి.

"ముడెయ్యకపోతే కుట్టు నిలబడద్దేటే? ఆవిడ కాంథా సూడ్డానికి. నా బొంత కప్పుకోడానికి" అనేది అమ్మ.

ఇలా అన్నా ఇద్దరికీ పడదనుకునేరు. మాసీమా ఉల్లిపాయ తినదు, చేప సరేసరి. మా అమ్మ పనసపొట్టు ఆవపెట్టి వండినప్పుడల్లా ఆవిడ కోసం వేరే గిన్నెలో ఉల్లిపాయ లేకుండా వండి పంపేది. ఆ గిన్నె ఎప్పుడూ ఖాళీగా తిరిగొచ్చేది కాదు, కొబ్బరి ఉండలతో వచ్చేది.

అప్పుడు నాకు పెళ్లి కుదిరింది. అబ్బాయిది లిలువా, రైల్వే వర్క్‌షాపులో పని. మావాళ్లే, మా గుడి సంఘమే, మా ఊరి వైపు మాటే. మాలో పెళ్లిచీర మగపెళ్లివారే పెట్టాలి. ఒక ఆదివారం గుడి అయ్యాక అత్తగారు చీర పట్టుకుని మా ఇంటికి వచ్చింది. మడత విప్పితే తెల్లటి తెలుపు. జరీ లేదు, అంచు లేదు, పువ్వు లేదు. మాలో పెళ్లికూతురు తెల్లచీరే కడుతుంది. మా అమ్మా అంతే, అత్తగారూ అంతే. పెళ్లికి ముందు దాని మీద అద్దాలో పూలో ఏవో బజారులో వేయిస్తారు.

నా నోరు ఊరుకోదు కదా.

"బజారుకి వద్దండి అత్తా, నేనే కుడతాను. తెలుపు మీద తెలుపు. కొంగంతా ద్రాక్షతీగ" అన్నాను. మా గుడిలో అయ్యగారు నిలబడే బల్ల మీది గుడ్డకి ద్రాక్షతీగ ఉంటుంది, అది నాకు చాలా ఇష్టం.

"నువ్వే కుడతావేటే గుంటా? అయితే మా లిలువాలో అందరికీ సెప్పీనా?"

"సెప్పీయండి."

చెప్పేసింది. వచ్చే ఆదివారానికల్లా లిలువా గుడిలో ఆడవాళ్లందరికీ తెలుసు, ఈ పెళ్లికూతురు తన చీర తనే కుట్టుకుంటోందని. అత్తగారు అంత గొప్పగా చెప్పుకున్నాక ఆ కొంగు కుట్టకపోతే తల ఎక్కడ పెట్టుకోను? నేను ఎవరికీ చెప్పని సంగతి ఒకటుంది. తీగ నేరుగా పోతున్నంతసేపూ నాకు వచ్చు. మూల తిప్పడం రాదు. మూల దగ్గరికి వచ్చేసరికి నా చేతిలో తీగ విరిగిన గొడుగు ఊచలా అయిపోతుంది. మూల తిప్పేది మాసీమా ఒక్కతే. ఆవిడ ఉంది కదా అనే ధైర్యంతోనే అన్నాను.

అత్తగారు మెట్లు దిగీ దిగకముందే చీర పట్టుకుని వరండాలోకి పరిగెత్తాను. మాసీమా చాటలో పప్పు ఏరుకుంటోంది. చాట పక్కకి జరిపి చీర ఆవిడ ఒళ్లో పెట్టాను.

"మాసీమా, నా పెళ్లిచీర!"

ఆవిడ చటుక్కున లేచి నిలబడింది. చీర జారి కింద పడింది. నిప్పు పడినట్టు రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది.

"ఎవరిచ్చారిది?"

"మా అత్తగారు."

"నీ అత్తగారా? పెళ్లికా?"

"పెళ్లికే మరి. కొంగుకి తీగ గీసిపెట్టు. మూలలు నువ్వు తిప్పాలి."

"దుగ్గా, దుగ్గా" అంది మెల్లగా. బెంగాలీలు కీడు తలుచుకున్నప్పుడు అమ్మవారి పేరు అలా అనుకుంటారు. "ఇప్పుడు కుదరదు మా. నా కళ్లు బాగాలేవు" అని లోపలికి వెళ్లి తలుపు వేసేసుకుంది.

కళ్లు బాగాలేని మనిషి అప్పటిదాకా ఎర్రపప్పులో రాళ్లు ఎలా ఏరిందో నాకు తెలియలేదు. చీర దులుపుకుని మా వాటాలోకి వచ్చాను. నా చీర బాగాలేదా? నేనేమైనా తప్పు మాట అన్నానా? పోనీ పెళ్లయి వెళ్లిపోతున్నానని బాధా? ఆ మూడోదే అయ్యుంటుందని నాకు నేనే చెప్పుకుని కాస్త కులాసా పడ్డాను కూడా.

మర్నాడు మా గుమ్మం ముందు తమలపాకులో పెట్టిన ఎర్రదారం ఉండ ఉంది. పక్కన రెండు అరటిపళ్లు.

"ఒలే, ఇదేటే?" అంది అమ్మ.

"దారమే."

"దారమని నాకూ అవుపడతన్నాదిలే. గుమ్మం కాడ ఎర్రదారం ఎవులెట్టినారని?"

"మాసీమాయే. ఇంకెవరు?"

"పెల్లి కుదిరిన పిల్ల ఇంటి ముందల ఎర్రదారమేటే? మంతరాలేటి? మనవి పార్దన సేసుకునే బతుకులు." అమ్మ కళ్లు మూసుకుని ఏదో అనుకుని, ఉండ తీసుకెళ్లి చెత్తడబ్బాలో పడేసింది. నేను కళ్లారా చూశాను. ఈ మాట గుర్తుంచుకోండి. అరటిపళ్లు మాత్రం నాన్న తినేశాడు.

ఆవేళ ఏదో బంద్, నాన్న ఇంట్లోనే ఉన్నాడు. "ఎరుపంటే బయమేటే నీకు? బ్రిగేడ్ మైదానంలో మీటింగంటే ఎర్రజెండా మోసుకెల్లేది నానే గదా. అప్పుడు లేని మంతరం ఇప్పుడొచ్చీసిందేటి?" అన్నాడు తొక్క వలుస్తూ.

"నువ్వూరుకో. నీ జెండా ఏరు, ఈ దారమేరు."

ఆ తర్వాత ఒక పారాణి సీసా వచ్చింది. ఎర్రటిది, కాళ్లకి రాసుకునేది. ఆ తర్వాత ఎర్రగాజులు. వేటితోనూ ఒక్క మాట రాదు. వరండాలో ఎదురుపడితే నా గడ్డం పట్టుకుని చూస్తుంది, కళ్లనీళ్లు తిరుగుతాయి, లోపలికి పోతుంది. ఆవిడ మొహం చూస్తే నాకు ఏ రోగమో ఉందనీ, అది నాకు తప్ప అందరికీ తెలుసుననీ అనిపించేది.

చివరికి ఒక మధ్యాహ్నం నన్ను లోపలికి పిలిచి, పాత న్యూస్‌పేపరులో చుట్టిన పొట్లం చేతిలో పెట్టింది. విప్పితే పట్టుచీర. మీగడ రంగు, బెత్తెడు ఎర్రంచు. మడతల్లో ఎండిపోయిన వేపాకు. మడతల దగ్గర కొంచెం చిల్లులు కూడా పడ్డాయి.

"నాదే. మీ మేసోమశాయ్ ఉన్నప్పటిది" అంది. అంటే వాళ్లాయన బతికున్నప్పటిదని. "ఇది కట్టుకో మా. అది కట్టుకోకు."

"ఎందుకు మాసీమా?"

"కొన్ని మాటలు నోటితో అనకూడదు. కట్టుకో, అంతే."

ఆ చీర చూసి అమ్మకి కోపం రాలేదు, ఏడుపొచ్చింది. "దాసుకున్న సీర ఇచ్చీసిందేటే ఆ తల్లి! అయినా ఎలగే? మీ అత్తోరు ఎట్టిన సీర ఉండగా ఇంకోల్ల సీర కట్టి పీటలెక్కితే ఆలు ఊరుకుంతారేటి? ఇచ్చీసి రా." నేను వెళ్లి ఇచ్చేశాను. మాసీమా వేపాకులు ఒక్కొక్కటీ మళ్లీ మడతల్లో పెట్టుకుంది. ఎవరు ఎవర్ని నొప్పిస్తున్నారో నాకు తెలియలేదు. అందరూ మంచివాళ్లే, అందరి మొహాలూ చిన్నబోయి ఉన్నాయి.

నేనొక్కదాన్నే కుట్టడం మొదలుపెట్టాను. గీత నాదే, కుట్టు నాదే. నేరుగా పోయే తీగ బాగానే వచ్చింది. ద్రాక్షగుత్తులు మాత్రం బొప్పాయి విత్తనాల్లా వచ్చాయి. మూల దగ్గర కుట్టి, విప్పి, మళ్లీ కుట్టి, బట్ట మీద సూది చిల్లులు పడ్డాయి. లిలువానుంచి కబురు మీద కబురు. అత్తగారు చూడ్డానికి వస్తుందిట, ఆవిడతో గుడివాళ్లు కొందరు కూడా వస్తారట.

మేడ పైన బట్టలు ఆరేస్తూ బౌదీని పట్టుకున్నాను.

"మీ అత్తగారికి నా మీద కోపమేమిటి? చెప్పకపోతే నిన్ను కిందికి వెళ్లనివ్వను."

బౌదీ ముందు నవ్వింది. తర్వాత నవ్వు ఆపేసింది.

"నీకు నిజంగా తెలీదా? ఉత్త తెల్లచీర, అంచు కూడా లేదు. అలాంటిది పెళ్లికూతురికి అత్తగారు పంపిందంటే ఏమిటర్థం? మా వాళ్లలో అది శాపనార్థం కన్నా చెడ్డది. నిన్ను ఎవరింట్లో పడేస్తున్నారో అని మా అత్తగారు అన్నం మానేసింది. పైకి అందామంటే, అన్న మాటే జరుగుతుందని భయం."

నేను అక్కడే తడిబట్టల బకెట్టు మీద కూలబడ్డాను.

నాకు తెలియదా? పుట్టినప్పటినుంచీ ఖిదిర్‌పూర్‌లో ఉన్నదాన్ని, మాసీమా తెల్లచీర ఎందుకు కడుతుందో నాకు తెలియదా? తెలుసు. కానీ నా లెక్కలో గుడి తెలుపు వేరు, వరండా తెలుపు వేరు. ఆ రెండూ ఒకే రంగని ఎప్పుడూ తోచలేదు. ఇప్పటికీ ఇది ఎవరికైనా చెబితే నమ్మరు. నేనే నమ్మను.

దడదడా మెట్లు దిగి మాసీమా మంచం దగ్గరికి వెళ్లాను.

"మాసీమా, మాలో పెళ్లిరంగు తెలుపే! మా అమ్మ కూడా తెల్లచీరే కట్టుకుని పెళ్లాడింది."

ఆవిడ నా మొహంలోకి చూసింది. "నిజంగా?"

"నిజంగా."

"మీ నాన్న బాగానే ఉన్నాడుగా?"

"నిక్షేపంగా ఉన్నాడు. వరండాలో బీడీ కాలుస్తున్నాడు, వాసన రావట్లేదూ?"

అప్పుడు నవ్వింది. ఎన్నాళ్లకో. నేను చీర తెచ్చేద్దామని లేచాను. నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"తెలుపు మీకు మంచిదే అన్నావు, సరే. మరి నా చెయ్యి? పెళ్లిబట్ట మీద నా చెయ్యి పడకూడదు మా. నా కోడలు గడప దాటి వచ్చిననాడు హారతిపళ్లెం మా తోడికోడలు పట్టుకుంది. నేను ఈ గదిలోనే కూర్చున్నాను."

"మరి బౌదీకి పాప పుట్టినప్పుడు కాంథా నువ్వే కుట్టావుగా?"

"అది పాతబట్ట. పాతబట్టకి దోషం లేదు. కొత్తబట్టకి ఉంది."

తెలుపుతో తీరిందనుకుంటే ఇప్పుడు చెయ్యి వచ్చింది. చెయ్యి గురించి నేనేం చెప్పను? మాలో అలాంటిది లేదు మాసీమా అంటే, మీలో లేదేమో, నాలో ఉంది అంటుంది. ఆ మాటా నిజమే. ఇంటికొచ్చి అమ్మకి మొత్తం చెప్పాను. ఎర్రదారం మంతరం కాదని విని అమ్మ నోరు చేత్తో మూసుకుంది. చెయ్యి సంగతీ పాతబట్ట సంగతీ రెండుసార్లు అడిగి చెప్పించుకుంది. "అలగా" అని వెళ్లి పొయ్యి ముట్టించుకుంది.

మర్నాడు ఫ్రాకుల మూట మెటియాబ్రుజ్‌లో ఇచ్చేసి ఇంటికొచ్చేసరికి మా గదిలో మా అమ్మ కత్తిపీట ముందు కూర్చుని తోటకూర తరుగుతోంది. ఒంటి మీద నా పెళ్లిచీర.

నేను కేక పెట్టాను. కింద వాటావాళ్లు కూడా తలెత్తి చూశారట.

"అరుస్తావేటే? కట్టుకున్నాను గానీ సింపీసినానేటి?"

"నా పెళ్లిచీరే అమ్మా!"

నాన్న చాప మీద పడుకుని చూస్తున్నాడు. "పెల్లికూతురు బాగున్నాదే. మల్లీ సేసుకుందుమేటి?" అన్నాడు.

"ఆ సంబరం ఒకపాలి పడ్డాను సాల్లే" అంది అమ్మ. అన్నం వండేదాకా, వడ్డించేదాకా, గిన్నెలు కడిగేదాకా ఆ చీరతోనే ఉంది. పసుపు మరక పడుతుందేమో, పొయ్యి మసి అంటుతుందేమో అని నేను కొంగు ఎత్తిపట్టుకుని వెనకాలే తిరిగాను. అమ్మకి మతి పోయిందనే అనుకున్నాను.

చేతులు తుడుచుకుని చీర విప్పి, మామూలు చీర చుట్టుకుని, నలిగిపోయిన నా చీరని మడిచి చంకలో పెట్టుకుని తిన్నగా ఎదుటి వాటాకి వెళ్లింది. నేనూ వెళ్లాను. అమ్మ బెంగాలీ ఎలా ఉంటుందంటే, క్రియలన్నీ మన తెలుగువే ఉంటాయి.

"దీదీ" అంది మాసీమాని. "ఏ శాడీ, ఈ సీర, నాది. నాను కట్టి ఇడిసినాను. తోటకూర తరిగినాను, గిన్నెలు తోమినాను. పురోనో. పాతది. నీ సేతికి ఇంకేటి అడ్డం?" అని ఒళ్లో పెట్టింది.

మాసీమా చీర ముట్టుకోలేదు. వంగి వాసన చూసింది. ఆవాల పోపు వాసన వచ్చుంటుంది. ఇంక నవ్వడం మొదలుపెట్టింది చూడండి, ఆపుకోలేక ఆ చీర కొంగుతోనే కళ్లు తుడుచుకుంది. తుడుచుకున్నాక గానీ చెయ్యి పడిందని చూసుకోలేదు. చూసుకుని, చెయ్యి అక్కడే ఉంచేసింది.

"పెన్సిల్ తే, బోకా మెయే" అంది నాతో. "ద్రాక్షపాదు నేనెప్పుడూ చూళ్లేదు. ఎలా ఉంటుంది?"

"పొట్లపాదులా ఉంటుంది" అన్నాను. నేను మాత్రం చూశానా?

నేను కుట్టినదంతా విప్పేసి ఆవిడ కొత్తగా గీసింది. అందుకే నా పెళ్లికొంగు మీది ద్రాక్షతీగకి పొట్లపాదు నులితీగలు ఉంటాయి. ఆకులేమో కాకరాకులు. గుత్తులు మాత్రం ద్రాక్షే. మూలల దగ్గర తీగ ఎక్కడా ఆగదు, నీళ్లలా తిరిగిపోతుంది. వరండాలో చాప మీద ఆ వైపు ఆవిడ, ఈ వైపు నేను. అమ్మ సూదిలోకి దారం ఎక్కించి ఇచ్చేది. ఒకరోజు మాసీమా కుట్టడం ఆపి అమ్మని అడిగింది. "ఒక్క పోగు ఎరుపు వెయ్యనీ. ఆకు కింద, ఎవరికీ కనపడదు. నా మనసు కోసం."

"ఒద్దు దీదీ. అన్నీ ఒప్పుకున్నాను, ఇది మాత్రం ఒప్పుకోను. తెలుపంటే తెలుపే" అంది అమ్మ. మాసీమా సరేనని తల ఊపింది. నాకు ఆవిడ మొహం చూడ్డానికి మనసొప్పలేదు, దించిన తల ఎత్తకుండా కుట్టుకున్నాను.

అత్తగారు గుడివాళ్లతో వచ్చి చూసింది. కొంగు అటూ ఇటూ తిప్పి చూసి, "కట్టి ఇడిసిన సీరలాగ మెత్తగున్నాదేటే, కొత్తదానికి ఇంత మెత్తదనమెక్కడిది?" అంది. మా అమ్మ "కుట్టీ కుట్టీ మెత్తబడిందండి" అంది కన్నార్పకుండా.

పెళ్లికి మాసీమాని పిలిచాం. రానంది. అమ్మ, నాన్న, బౌదీ, నేను, అందరం పోయి పిలిచాం. రానంటూనే ఉంది. పెళ్లినాడు నేను గుడి లోపలికి నడుస్తుంటే వెనక వాకిలి దగ్గర ఒక స్తంభానికి ఆనుకుని ఉంది. ఒక కాలు లోపల, ఒక కాలు బయట. నేను ముసుగులోంచే చూశాను. పాట మొదలైంది, అయ్యగారు రమ్మంటున్నారు, నేను నడవాలి.

తర్వాత జరిగింది బౌదీ చెప్పింది. మా గుడిలో పెద్దాళ్లు ఆదివారానికైనా పెళ్లికైనా తెల్లచీరలే కట్టుకొస్తారు, కొంగు నెత్తిన వేసుకుంటారు. మాసీమా లోపలికి తొంగి చూస్తే ఆడవాళ్ల వైపు వరసలు వరసలుగా తెలుపుట. పెళ్లికూతురు తెలుపు, పెళ్లికూతురి తల్లి తెలుపు, అత్తగారు తెలుపు. బొట్టు ఒక్కరికీ లేదు. ఆవిడ బౌదీ చెయ్యి గిల్లి అడిగిందట, "వీళ్లలో మొగుడు లేనిదెవరు?"

"నాకేం తెలుసమ్మా" అందట బౌదీ.

"మరి ఎవర్ని వెనక నిలబెడతారు?"

ఈలోగా ముందు వరసలోంచి మా అమ్మ వెనక్కి తిరిగి చూసి, కూతురి పెళ్లి మధ్యలో లేచి, నడవంతా నడిచి వెళ్లి ఆవిడ జబ్బ పట్టుకుని తీసుకొచ్చి తన పక్కన కూర్చోబెట్టుకుంది. నేను ఉంగరం కోసం చెయ్యి చాపి పక్కకి చూస్తే ఇద్దరూ తెల్లగా ఒకేలా ఉన్నారు. ఎవరు మా అమ్మో ఒక్క క్షణం తెలియలేదు. కళ్లలో నీళ్ల వల్ల కావచ్చు.

లిలువాకి వచ్చేశాను. ఇప్పుడు నాకు పాప. మొన్న పాపకి దుప్పటి కుడదామని, పెట్టెలో పాతబట్టలు తీస్తుంటే పెళ్లిచీర పసుపెక్కినట్టు కనిపించింది. ఆదివారం ఖిదిర్‌పూర్ వెళ్లినప్పుడు అమ్మతో అన్నాను, వేణ్ణీళ్లలో సోడా వేసి నానబెడదామనుకుంటున్నానని.

"ఏన్నీల్లలో ఎయ్యకే. రంగు దిగద్ది" అంది అమ్మ చింతపండు పిసుకుతూ.

"తెల్లచీరకి రంగేమిటమ్మా?"

అమ్మ చేతులు ఆగాయి. "ఏటో, పాతసీరలు అలగే దిగుతాయి. నీకు తెలీదు" అని చింతపండు గిన్నెతో పెరటివైపు పోయింది. మా వాటాకి పెరడు లేదు. బాత్రూములోకి పోయింది.

బస్సులో దారంతా అదే ఆలోచన. ఇంటికొచ్చి చీర నేల మీద పరిచి, కొంగు, అంచులు, మడతలు, అన్నీ వెతికాను. పై అంచు నడుం దగ్గర, కుచ్చిళ్ల లోపలికి పోయేచోట, మడిచి కుట్టిన పట్టీ కొంచెం ఎత్తుగా ఉంది. విప్పి చూశాను. లోపల ఎరుపు. బెత్తెడు మేర, జానెడేసి కాకపోయినా బాగా పొడుగు కుట్లు, వంకరటింకరగా.

ఆ కుట్లు నేను ఎక్కడున్నా గుర్తుపడతాను, వాటికింద పడుకుని పెరిగాను. అమ్మవే. ఏ దారం అది? చెత్తడబ్బాలో పడేసినదేనా? నేను కళ్లారా చూశానే! ఎప్పుడు తీసుకుంది? ఒప్పుకోనన్న మనిషి ఎప్పుడు ఒప్పుకుంది? మిరియపు గింజ కోసం వేళ్లతో ఈ చివరా ఆ చివరా తడిమాను. ముడి లేదు. తోక లోపలి పొరలోకి పోయి ఎక్కడ ఆగిందో కూడా తెలియట్లేదు.

అమ్మకి ముడి లేకుండా కుట్టడం రాదు. రాదనే ఇన్నాళ్లూ అనుకున్నాను.

ఇద్దరూ ఒకే వరండాలో ఉన్నారు, వచ్చే ఆదివారం వెళ్లి అడగొచ్చు. అడిగితే అమ్మ ఏటి అనీ, మాసీమా కీ అనీ నా మొహంలోకి చూస్తారు. ఆ పట్టీని మళ్లీ మడిచి, ముడి వెయ్యకుండా కుట్టేశాను. చీరని చన్నీళ్లలో తడిపాను.